మీ సైకిల్‌ని విమానం ఎక్కించండి!

ఆదివారం. ఉదయం ఐదింటికి అలారం. పార్కింగ్‌లోంచి సైకిల్ తీస్తారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పు వేసి తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా, దాని మీద అటూ ఇటూ ఒక రౌండ్ కొడతారు. దారిలో ఇడ్లీ, టీ. ఎనిమిదింటికి ఇంట్లో ఉంటారు. శభాష్!

ఆ రాత్రి ఫోన్‌లో ఒక వీడియో కనిపిస్తుంది. నది ఒడ్డున సన్నటి తారు బాట. అటు ద్రాక్ష తోటలు, ఇటు నీళ్లు. అరవై దాటిన భార్యాభర్తలు, సైకిళ్లకు సంచులు కట్టుకుని తాపీగా తొక్కుతూ పోతున్నారు. "ఎప్పటికైనా వెళ్లాలి" అనుకుంటారు.

అంతే, "కానీ"లు బయల్దేరతాయి.

కానీ సైకిల్ విమానంలో ఎలా వెళ్తుంది? కానీ విరిగిపోతే? కానీ అక్కడ రైల్లో ఎక్కనిస్తారా? కానీ నాకు ఆ భాష రాదే?

ఈ "కానీ"లను ఇవాళ ఒక్కొక్కటే విప్పేద్దాం. మాటలతో కాదు, స్పానర్‌తో.

ఒక సంగతి గట్టిగా చెప్తాను, నమ్మండి. ఇది కండలున్నవాళ్ల పని కాదు. కోట్లున్నవాళ్ల పనీ కాదు. చేతికి అలవాటైన పనికి మనసు భయపడదు. మీకున్న భయమంతా మీ చేతులకు ఇంకా రాని నాలుగైదు చిన్న పనుల గురించే. అవి నేర్చుకోవడానికి ఒక నెల చాలు. మీరు నేర్చుకుంటారు.

1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ కుర్రాళ్లు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయల్దేరారు. ఆది హకీమ్, జాల్ బాపాసోలా, రుస్తుం భూంగారా అనే ముగ్గురు 1928లో చుట్టు పూర్తి చేసి ఇంటికొచ్చారు. వాళ్ల సైకిళ్లకు గేర్లు లేవు. చేతిలో ఫోన్ లేదు. మీకు రెండూ ఉన్నాయి. పైగా మీరు అడుగుతున్నది ఒక్క వారం.

ముందు ఒక నిజాయితీ ప్రశ్న

మీ సైకిలే ఎందుకు? అక్కడ అద్దెకు దొరకదా?

దొరుకుతుంది. చాలాచోట్ల బ్రహ్మాండంగా దొరుకుతుంది. జపాన్‌లో ఒనోమిచి నుంచి ఇమాబారి దాకా దీవుల మీదుగా, సముద్రం మీది వంతెనలు దాటుకుంటూ పోయే షిమనామి కాయిదో అనే దారి ఉంది. సుమారు 70 కిలోమీటర్లు. ఒకటి రెండు రోజుల పని. సైకిల్ ఈ చివర తీసుకుని ఆ చివర ఇచ్చేయొచ్చు. అక్కడికి హైదరాబాద్ నుంచి పెట్టె మోసుకెళ్తానంటే నేను ఒప్పుకోను. అది పట్టుదల కాదు, మొండితనం.

నా లెక్క ఇది. మూడు రోజుల లోపు అయితే అద్దె. వారమో, అంతకు మించో అయితే మీ సైకిల్. రోజుకు నాలుగైదు గంటలు కూర్చునే సీటు మీ ఒంటికి అలవాటైనదై ఉండాలి. అద్దె సీటు మీద మూడో రోజు ఎలా ఉంటుందో నేను రాయను, పెద్దవాళ్లు కూడా చదువుతారు.

మధ్యేమార్గం కూడా ఉంది. మడత సైకిల్. ఇంగ్లండ్‌లో తయారయ్యే బ్రాంప్టన్ లాంటివి 16 అంగుళాల చక్రాలతో, మడిస్తే పెద్ద సూట్‌కేసంత అవుతాయి. ఐరోపాలో చాలా రైళ్లలో మడత పెట్టిన సైకిల్‌ని మామూలు లగేజీ లాగే చూస్తారు, టికెట్ అక్కర్లేదు. మీ ట్రిప్‌లో రైళ్లు ఎక్కువ, తొక్కడం తక్కువ అయితే ఇదే మీ దారి. తొక్కడమే ఎక్కువ అయితే పెద్ద చక్రాలే మేలు.

మొదటి ట్రిప్‌కి నా సలహా: పాసౌ నుంచి వియన్నా

వంద దారులు చూసి తల తిరిగేలా చేసుకోకండి. ఒకటి పట్టుకోండి.

జర్మనీ అంచున పాసౌ అనే ఊరు. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ అనే మూడు నదులు కలిసే చోటు. అక్కడి నుంచి డాన్యూబ్ ఒడ్డునే ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా సుమారు 320 కిలోమీటర్ల సైకిల్ బాట. అట్లాంటిక్ తీరం నుంచి నల్లసముద్రం దాకా ఐరోపాను అడ్డంగా కోసే యూరోవెలో-6 దారిలో ఇదొక ముక్క. చాలా భాగం తారు బాటే. నది దిగువకు పోతుంది కాబట్టి ఎత్తులు పెద్దగా లేవు. గాలి కూడా ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, అంటే మీ వీపు తట్టి తోస్తుంది. రోజుకు 45, 50 కిలోమీటర్ల చొప్పున ఏడు రోజులు. ఆదివారం మీరు చేసేది అటూ ఇటూగా అంతే కదా!

దారిలో ష్లోగెన్ దగ్గర నది పాములా మెలిక తిరిగి వెనక్కి వస్తుంది. కొన్నిచోట్ల వంతెన ఉండదు, సైకిళ్లను దాటించే చిన్న పడవ ఉంటుంది. మెల్క్‌లో గుట్ట మీద పసుపురంగు మఠం. అక్కడి నుంచి క్రెమ్స్ దాకా ఉన్న వాఖావ్ లోయను 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ద్రాక్ష, ఆప్రికాట్ తోటలు. ఆ 35 కిలోమీటర్లకు ఒక రోజు పూర్తిగా ఇచ్చేయండి. పరుగు పెట్టకండి.

టికెట్ చిట్కా ఒకటి. మ్యూనిక్‌లో దిగండి, వియన్నాలో విమానం ఎక్కండి. వచ్చిన దారినే వెనక్కి పోయే బాధ తప్పుతుంది.

టికెట్ కొనే ముందు చదివే అలవాటు

మనలో చాలామంది ముందు కొంటాం, తర్వాత చదువుతాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఈ ట్రిప్ మీ చేత ఆ అలవాటు మాన్పిస్తుంది.

ప్రతి ఎయిర్‌లైన్‌కూ సైకిల్ విషయంలో సొంత లెక్క ఉంటుంది. కొన్ని మీ చెక్-ఇన్ లగేజీలోనే కలుపుకుంటాయి. కొన్ని విడిగా డబ్బు తీసుకుంటాయి. కొన్ని ముందే చెప్పకపోతే ఎక్కించవు. కాబట్టి డబ్బు కట్టే ముందు ఈ నాలుగూ తెలుసుకోండి.

ఎంత బరువు దాకా ఒప్పుకుంటారు? ఒక్కో పెట్టెకు 23 కిలోలు అనేది చాలాచోట్ల కనిపించే హద్దు.

పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి ఎన్ని సెంటీమీటర్ల దాకా? సైకిల్ పెట్టె మామూలు సూట్‌కేస్ కొలతల్లో ఎప్పటికీ ఇమడదు. "స్పోర్ట్స్ ఎక్విప్‌మెంట్" అనే విభాగంలో వేరే కొలత ఉంటుంది. అది చూడండి.

ఎంత ముందుగా చెప్పాలి?

నిజంగా విమానం నడిపేది ఎవరు? ఇది చాలామంది మరిచిపోతారు. టికెట్ మీద ఒక పేరు, ఎక్కేది ఇంకొకరి విమానం. దారిలో మారే రెండో విమానం చిన్నదైతే మీ పెట్టె ఆగిపోవచ్చు.

జవాబు ఫోన్‌లో వింటే సరిపోదు. ఈమెయిల్ రాయించుకోండి. ప్రింట్ తీసి పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి. కౌంటర్ దగ్గర వాదించక్కర్లేదు. నవ్వుతూ ఆ కాగితం ముందు పెడితే చాలు.

బ్యాటరీ సైకిల్ ఉన్నవాళ్లకు మాత్రం చేదు వార్త. 160 వాట్-అవర్ దాటిన లిథియం బ్యాటరీ ప్రయాణికుల విమానంలో లగేజీగా వెళ్లదు. ఈ-బైక్ బ్యాటరీలు మామూలుగా 300 పైనే ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉండి మోటార్ కావాలంటే అక్కడే అద్దెకు తీసుకోండి. ఇక్కడ వాదన లేదు.

అసలు పాఠం: ఎడమ పెడల్

ఇప్పుడు పార్కింగ్‌లోకి రండి. అసలు క్లాసు ఇక్కడే.

నేను మొదటిసారి సైకిల్ విప్పిన రోజు చెప్తాను. కుడి పెడల్ రెండు నిమిషాల్లో వచ్చేసింది. ఎడమది రాదు. అరగంట కుస్తీ పట్టాను. స్పానర్ జారి వేళ్ల కణుపులు గీసుకుపోయాయి. మా వాచ్‌మన్ వచ్చి చూసి, "సార్, సైకిల్ అమ్మేస్తున్నారా?" అన్నాడు. చివరికి మూల మీద పంక్చర్ షాపు తాత దగ్గరికి నడిపించుకెళ్లాను. ఆయన ఒక్క మాటే అన్నాడు. "ఎడమది ఉల్టా మర బాబూ." అటు తిప్పాడు. ఊడింది.

అవును. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తొక్కుతున్నప్పుడు దానంతట అది వదులైపోకుండా అలా పెట్టారు. నేను అరగంట సేపు బిగిస్తూ కూర్చున్నానన్నమాట!

గమనించండి. నాకు లోపించింది బలం కాదు, తెలియనిది ఒక్క ముక్క. మీ ఆఫీసులో, ఇంట్లో మిమ్మల్ని సతాయిస్తున్న పనుల్లో ఎన్ని ఎడమ పెడళ్లు ఉన్నాయో ఒకసారి చూసుకోండి. బలం పెంచే ముందు, అటు తిప్పుతున్నామా ఇటు తిప్పుతున్నామా అని అడగండి.

సరే, ప్యాకింగ్. సైకిల్ షాపుకి వెళ్లి కొత్త సైకిల్ వచ్చిన ఖాళీ అట్టపెట్టె అడగండి. చాలాచోట్ల ఊరికే ఇస్తారు. మొదటి ట్రిప్‌కి వేలు పోసి గట్టి కేసు కొనకండి. అట్టపెట్టెకు ఇంకో లాభం ఉంది, దిగగానే పారేయొచ్చు.

1. సీటు ఎత్తు దగ్గర రాడ్డుకి ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు చుట్టండి. అక్కడ బిగించినప్పుడు కొలత వెతుక్కోనక్కర్లేదు. తర్వాత సీటు తీసేయండి.

2. పెడల్స్ ఊడదీయండి. ఒక గుడ్డసంచిలో వేసి ఫ్రేముకి కట్టండి. పెట్టెలో విడిగా దొర్లితే అవే మీ పెయింటుకి శత్రువులు.

3. ముందు చక్రం తీయండి. ఫోర్కు రెండు కాళ్ల మధ్య ప్లాస్టిక్ అడ్డుకర్ర పెట్టండి, అది కూడా షాపులో అడిగితే ఇస్తారు. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి. చక్రం లేనప్పుడు బ్రేకు నొక్కితే ప్యాడ్లు అతుక్కుపోతాయి.

4. హ్యాండిల్ వదులు చేసి ఫ్రేముకి సమాంతరంగా తిప్పి కట్టేయండి. కేబుళ్లు మెలిపడకుండా చూడండి.

5. వెనక గేరు మార్చే డిరైలర్‌ని విప్పి, బబుల్ ర్యాప్ చుట్టి, చక్రం పుల్లల లోపలికి కట్టండి. పెట్టె పడితే ముందు దెబ్బ తగిలేది దానికే. అది వేలాడే చిన్న ముక్క, హ్యాంగర్, మీ మోడల్‌ది ఇంకొకటి కొని దగ్గర పెట్టుకోండి. అరచేతిలో పట్టే వస్తువు. అది విరిగితే మాత్రం ట్రిప్ ఆగుతుంది.

6. టైర్లలో గాలి మెత్తబడేదాకా తీయండి. పూర్తిగా తీసేస్తే పెట్టె విసిరినప్పుడు రిమ్ములకు దెబ్బ.

7. ఖాళీల్లో బట్టలు, రెయిన్‌కోటు కుక్కండి. స్పానర్, అలెన్ కీలు పెట్టెలోనే. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే. గాలి నింపే గ్యాస్ క్యాప్సూళ్లు, స్ప్రే డబ్బాలు ఇంట్లో వదిలేయండి. చేతి పంపు చాలు.

ఖాళీ కనిపించగానే ఇంట్లోవాళ్ల చూపు కూడా పెట్టె మీద పడుతుంది. నెయ్యి డబ్బా వద్దు! ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి దేశాల పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు. ఆవకాయ మూడు కవర్లలో చుట్టి పెడితే మాత్రం నేను చూడనట్టే ఉంటాను. పెట్టె బరువు సంగతి మీరు చూసుకోండి.

బరువు ఎలా చూడాలి? ముందు మీరు బాత్‌రూమ్ స్కేలు ఎక్కండి. తర్వాత పెట్టె ఎత్తుకుని ఎక్కండి. తేడా రాసుకోండి. మామూలు హైబ్రిడ్ సైకిల్ 12 నుంచి 14 కిలోలు, పెట్టె మూడు నాలుగు. 23 దాటక్కర్లేదు.

ఇక్కడే నా ఒకే ఒక్క కఠిన నియమం. ప్రయాణానికి ముందు ఈ పని మూడుసార్లు చేయాలి. విప్పండి, పెట్టెలో పెట్టండి, మళ్లీ బిగించి వీధి చివరి దాకా తొక్కి రండి. మొదటిసారి మూడు గంటలు పడుతుంది. విసుగొస్తుంది. రెండోసారి గంటన్నర. మూడోసారి మీరు పాట పాడుకుంటూ చేస్తారు. వాచ్‌మన్ ప్రశ్నలు మానేస్తాడు. ఆ మూడోసారి తర్వాత "విరిగిపోతే?" అన్న భయం మీ నోట రాదు. విరిగితే ఎక్కడ విరుగుతుందో, ఏం చేయాలో మీ వేళ్లకు తెలుసు కాబట్టి.

డ్రెస్ రిహార్సల్: పార్శిల్ ఆఫీసు

ఇంకో అడుగు వేయండి. విదేశం ముందు స్వదేశం.

సికింద్రాబాద్ నుంచి విశాఖకు రైల్లో సైకిల్ పంపండి. స్టేషన్‌లో పార్శిల్ ఆఫీసుకు వెళ్లి, మీ ప్రయాణ టికెట్ చూపించి లగేజీగా బుక్ చేయండి. హ్యాండిల్‌కీ పెడల్స్‌కీ గోతం చుట్టించండి. పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ పెద్ద అక్షరాలతో రాసి కట్టండి. చాలా ముందుగా వెళ్లండి. అక్కడ దిగాక విడిపించుకుని భీమిలి బీచ్ రోడ్డు మీద తొక్కండి.

ఈ పనిలో మీరు లైన్లో నిలబడతారు. ఫారం నింపుతారు. పోర్టర్‌తో మాట్లాడతారు. "అన్నా, ఇది నిలబెట్టి పెట్టు" అని బతిమాలతారు. సికింద్రాబాద్ పార్శిల్ ఆఫీసులో పని పూర్తి చేసుకున్న మనిషికి మ్యూనిక్ ఎయిర్‌పోర్టు ఒక లెక్క కాదు. రాసిస్తాను.

ఎయిర్‌పోర్టు రోజు

నాలుగు గంటలు ముందు వెళ్లండి. పెట్టె మామూలు బెల్టు మీద పోదు, పెద్ద సామాన్ల కౌంటర్‌కు పంపిస్తారు. స్కానింగ్‌లో అనుమానం వస్తే తెరవమంటారు. కాబట్టి టేపు రోల్, చిన్న కత్తెర చెక్-ఇన్ పూర్తయ్యేదాకా చేతిలో ఉంచుకోండి. తర్వాత కత్తెర లోపలికి తీసుకెళ్లనివ్వకపోవచ్చు, పదిరూపాయల కత్తెర తీసుకెళ్లండి, వదిలేయండి.

ఖరీదైన సైకిల్ అయితే ఇంకొకటి. వెళ్లేటప్పుడే ఇక్కడి కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఫ్రేము నంబరు, కొన్న బిల్లు చూపించాలి. తిరిగొచ్చినప్పుడు "ఇది అక్కడ కొన్నారా?" అన్న ప్రశ్నకు అదే జవాబు.

దిగాక? పెట్టె రాగానే బయటికి పరుగెత్తకండి. అక్కడే తెరవండి. నా రెండో ట్రిప్‌లో పెట్టె ఒక మూల నలిగి వచ్చింది. తెరిచి చూస్తే హ్యాంగర్ వంగి ఉంది. మొదటి నిమిషం ఏడుపొచ్చింది, దాచను. రెండో నిమిషం ఫోటోలు తీశాను. మూడో నిమిషం బ్యాగేజీ కౌంటర్‌లో నష్టం రిపోర్టు రాయించి కాపీ తీసుకున్నాను. తర్వాత సంచిలోంచి కొత్త హ్యాంగర్ తీశాను. నలభై నిమిషాల్లో సైకిల్ రోడ్డు మీద.

ఈ వరస గుర్తుంచుకోండి. ఫోటో, రిపోర్టు, రిపేరు. అరవడం ఇందులో లేదు. అంతర్జాతీయ విమానాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం లగేజీ దెబ్బతింటే చేతికొచ్చిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ట్రిప్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది.

రైలు: అడగడం నేర్చుకునే బడి

మ్యూనిక్ ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రైసింగ్ స్టేషన్ సుమారు 10 కిలోమీటర్లు. తొక్కుకుంటూ వెళ్లిపోవచ్చు. ఒళ్లు కూడా బద్ధకం వదులుతుంది. అక్కడి నుంచి డోనావ్-ఇజార్ ఎక్స్‌ప్రెస్ అనే ప్రాంతీయ రైలు దాదాపు రెండు గంటల్లో పాసౌలో దింపుతుంది. సైకిల్‌కు విడిగా టికెట్ కొనాలి. ఇది మరవకండి.

ఐరోపా రైళ్ల గురించి ఒకే ముక్కలో చెప్పాలంటే, రైలు ఎంత నెమ్మదైతే సైకిల్‌కు అంత సుఖం. ప్రాంతీయ రైళ్లలో చాలావరకు రిజర్వేషన్ అక్కర్లేదు. చోటుంటే ఎక్కడమే. వేగంగా పోయే దూరప్రాంత రైళ్లలో సైకిల్‌కు ముందే చోటు బుక్ చేయాలి. జర్మనీలో ఐసీఈ-4 రకం రైల్లో సైకిళ్లకు 8 చోట్లే ఉంటాయి. ఆస్ట్రియా రైల్‌జెట్‌లో ఇంకా తక్కువ. వేసవిలో ఇవి వేగంగా నిండిపోతాయి. ఐరోపా సమాఖ్య 2021లో చేసిన చట్టం వల్ల, కొన్ని మినహాయింపులు పోను, 2025 జూన్ నుంచి కొత్తగా కొనే రైళ్లలో కనీసం 4 సైకిళ్లకైనా చోటు ఉండాలి. కానీ పాత రైళ్లు ఇంకా చాలాకాలం తిరుగుతాయి.

వేళలు కూడా చూసుకోండి. నెదర్లాండ్స్‌లో పనిరోజుల్లో ఉదయం 6:30 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6:30 దాకా మామూలు సైకిల్‌ని రైలెక్కనివ్వరు. జూలై, ఆగస్టుల్లో మాత్రం ఈ పట్టింపు లేదు. జపాన్ పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ సైకిల్‌ని విప్పి, "రింకో" సంచిలో పూర్తిగా కప్పి ఎక్కాలి. చక్రం కూడా బయటికి కనిపించకూడదు. పార్కింగ్‌లో మూడుసార్లు విప్పిన మీకు అదేమంత పని?

ఇప్పుడు ప్లాట్‌ఫారం. నేను మొదటిసారి తప్పు చివర నిలబడ్డాను. రైలొచ్చింది. సైకిల్ బొమ్మ ఉన్న రైలుపెట్టె ఆ చివర. నిండు సంచులతో సైకిల్‌ని తోసుకుంటూ ప్లాట్‌ఫారం పొడవునా పరుగు. తలుపు దగ్గరికి చేరేసరికి ఊపిరి లేదు. ముందు చక్రం లోపల, వెనక చక్రం బయట. ఎవరో తాతగారు లోపలి నుంచి హ్యాండిల్ పట్టి లాగారు. ఆయన పేరు కూడా అడగలేదు.

అందుకే ఇలా చేయండి. ఇరవై నిమిషాలు ముందు ప్లాట్‌ఫారానికి వెళ్లండి. పెట్టెలు ఎక్కడ ఆగుతాయో బోర్డు మీద చూడండి. తలుపు పక్కన సైకిల్ బొమ్మ ఉన్న పెట్టెలోనే ఎక్కాలి. రైలు రాకముందే సంచులు సైకిల్ మీంచి దించండి. దిగేవాళ్లను దిగనివ్వండి. సైకిల్ ముందు, సంచులు తర్వాత. ఒక చిన్న బెల్టు దగ్గర ఉంచుకుని లోపల కట్టేయండి.

లోపల అసలు పరీక్ష ఉంది. సైకిల్ పెట్టే చోట మడత సీట్లుంటాయి. వాటి మీద ఎవరో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటారు. మీరు వాళ్లను లేవమని అడగాలి.

మనకిది కష్టం. నాకు తెలుసు. "పోనీలే, ఇబ్బంది పెట్టడం దేనికి" అని దారిలో సైకిల్ పట్టుకుని నిలబడిపోతాం. దాంతో అందరికీ అడ్డమవుతాం, చివరికి కండక్టర్ చేత మాట పడతాం. అడగందే అమ్మైనా పెట్టదు! ఆ చోటు సైకిళ్లదే, అడగడం తప్పు కాదు. ఒక నవ్వు, జర్మన్‌లో 'క్షమించండి' అనే అర్థం వచ్చే "ఎంట్‌షూల్డిగుంగ్" అనే మాట, సైకిల్ వైపు చెయ్యి. అంతే. వాళ్లు లేస్తారు.

ఇది కూడా ఇక్కడే ప్రాక్టీస్ చేయండి. ఈ వారం రోజుకొకరిని, తెలియనివాళ్లను, ఒక చిన్న సాయం అడగండి. బస్సులో కిటికీ వేయమని. లిఫ్టులో నంబరు నొక్కమని. ఏడు రోజులు, ఏడుగురు. పాసౌ రైల్లో ఎనిమిదో వ్యక్తి మీకు కొత్తగా అనిపించరు. సైకిళ్లు ఒకదాని మీద ఒకటి ఆనించి ఉంటే పక్కవాళ్లను "మీరెక్కడ దిగుతారు?" అని కూడా అడగండి. ముందు దిగేవాళ్లది బయటి వైపు ఉండాలి. నా సైకిల్ స్నేహాలన్నీ ఆ ఒక్క ప్రశ్నతోనే మొదలయ్యాయి.

రోడ్డెక్కాక

ఒక్కటే హెచ్చరిక. అక్కడ కుడి పక్కన తొక్కాలి. మొదటి రోజు ఉదయం ఎవరూ మరచిపోరు. ప్రమాదం మధ్యాహ్నం భోజనం చేసి తిరిగి బయల్దేరినప్పుడు, ఖాళీ రోడ్డు మీద. మీ చేతులు ఇరవై ఏళ్ల అలవాటుతో ఎడమకు తిప్పేస్తాయి. హ్యాండిల్ కుడి వైపు ఎర్ర టేపు ఒక ముక్క అంటించండి. ఆగి బయల్దేరిన ప్రతిసారీ దాన్ని చూసి కదలండి.

తిరుగు ప్రయాణానికి పెట్టె? వియన్నా చేరడానికి రెండు రోజుల ముందే అక్కడి ఏదైనా సైకిల్ షాపుకి రాయండి, ఖాళీ పెట్టె ఉంచమని. అడగడం ఇప్పుడు మీకొచ్చు కదా. ఇక ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ దిగేముందు సైకిల్ గురించి ఫారంలో రాయాలి, టైర్లకు మట్టి ఉండకూడదు. ప్యాక్ చేసే ముందు పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి.

ఎనిమిది వారాల ప్లాన్

వీసా, సెలవు, టికెట్ సంగతి ఎలాగూ చూస్తారు. జర్మనీ, ఆస్ట్రియాలకు కావాల్సిన షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా అడుగుతారు, అదీ కలిపి చూడండి. నాకు కావాల్సింది మీ చేతుల ప్లాన్.

మొదటి రెండు వారాలు విప్పడం, బిగించడం, మూడుసార్లు. మూడో వారం పంక్చర్ మీరే వేసుకోవడం. పంక్చర్ షాపు తాతను గురువుగా పెట్టుకోండి, టీ తాగించండి. నాలుగో వారం విశాఖ రిహార్సల్. ఐదు, ఆరు వారాల్లో శని ఆదివారాలు వరసగా 50 కిలోమీటర్లు, సంచుల్లో పది కిలోల బియ్యం వేసుకుని. ఒక రోజు తొక్కడం వేరు, నొప్పులతో రెండో రోజు ఎక్కడం వేరు. ఏడో వారం పెట్టె, తూకం, కాగితాలు. ఎనిమిదో వారం ఏమీ చేయకండి. నిద్రపోండి.

"వచ్చే ఏడాది చూద్దాం" అని మీ నోట్లోకి వచ్చింది కదూ? మింగేయండి.

ఇప్పుడే లేవండి. 15 నంబరు స్పానర్ ఒకటి తీసుకుని పార్కింగ్‌లోకి దిగండి. పెడల్‌కి స్పానర్ పట్టే చోటు లేకపోతే లోపలి వైపు నుంచి అలెన్ కీ పడుతుంది. కుడిది తర్వాత చూద్దాం, ముందు ఎడమది. అలెన్ కీ అయినా సరే, పెడల్ బయటి వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు. గుర్తుందిగా?